అధ్యాయం చివర ఆశీర్వాదం

మా ఇంట్లో మంచం కింద నాలుగు పుస్తకాల కట్టలున్నాయి. పదకొండేళ్ళ క్రితం కుటుంబ ప్రార్థనల మీద నేను ఒక చిన్న పుస్తకం రాసి వెయ్యి ప్రతులు అచ్చు వేయించాను. అమ్ముడైనవి, ఊరికే పంచినవి కలిపి ఆరు వందలు వెళ్ళిపోయాయి. మిగిలిన నాలుగు వందలను ప్రతి వేసవిలో మా ఇంటావిడ బయటికి తీసి ఎండబెట్టి, వేపాకు వేసి మళ్ళీ కట్టలు కడుతుంది. చెదలు పట్టకుండా ఆమె కాపాడిన పుస్తకాలవి. అందుచేత పోయిన సంవత్సరం ఒక రాత్రి భోజనాల దగ్గర, "నవల పూర్తయింది, దాన్ని అచ్చు వేయిద్దామనుకుంటున్నాను" అని నేను అన్నప్పుడు ఆమె ఏమీ మాట్లాడలేదు. వంగి మంచం కిందికి ఒకసారి చూసింది, అంతే.

ఆ నవల నేను మూడేళ్ళు రాశాను. పగలు సంఘం పనులు, పరామర్శలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు. రాత్రి పది దాటాక రెండు పొడుగాటి నోటు పుస్తకాల్లో 212 పేజీలు నింపాను. మా తాత కథ అది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కరువు వచ్చినప్పుడు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు మెదకులో పెద్ద గుడి కట్టించడం మొదలుపెట్టి, ఆకలితో ఉన్నవారికి పని, పనికి తిండి ఇచ్చారన్న సంగతి మీలో చాలామందికి తెలిసిందే. 1924 డిసెంబరు 25న ఆ గుడిని ప్రతిష్ఠించారు. 175 అడుగుల ఆ గోపురం కింద సున్నం తట్టలు మోసిన పిల్లల్లో మా తాత ఒకడని మా నాన్న చెప్పేవారు. తాత తట్టలు మోయడంతో మొదలై, నాన్న పల్లెలో సువార్తికుడుగా సేవ చేసి ప్రభువునందు నిద్రించడంతో నా నవల ముగుస్తుంది.

చిట్టీ ఎత్తి ఆ డబ్బుతో అచ్చు వేయించాలన్నది నా ఆలోచన. అప్పుడే సికింద్రాబాదులో మూడు రోజుల రచయితల సదస్సు జరుగుతుందనీ, నవల రాయడం, అచ్చు వేయించడం, అమ్మడం కూడా నేర్పుతారనీ ఒక కరపత్రం వచ్చింది. భోజనం, బసతో కలిపి రుసుము ఆరు వందలు. మా ఇంటావిడ దాన్ని రెండుసార్లు చదివి, "ముందు వెళ్ళి నేర్చుకోండి, చిట్టీ సంగతి తర్వాత చూద్దాం" అంది. నాకు కొంచెం కష్టమే తోచింది. నవల పూర్తి చేసినవాడికి ఇప్పుడు నేర్చుకునేదేముంటుంది?

కథలంటే నాకున్న పిచ్చి ఎక్కడిదో కూడా చెప్పాలి. మా అమ్మకు చదువు రాదు. నాకు చదవడం వచ్చిన నాటి నుంచి మా వాడకట్టులో సీరియళ్ళు చదివేవాణ్ణి నేనే. కిరాణా కొట్టుకు పొట్లాలు కట్టడానికి వచ్చిన పాత వారపత్రికలు అడిగి తెచ్చేవాణ్ణి. వరుస సంచికలు ఎన్నడూ దొరికేవి కావు. ఒక వారం కథ చదివితే, తరువాతి వారం దొరికేది మూడు వారాల తరువాతి సంచిక. మధ్యలో ఏమై ఉంటుందో అమ్మ, పక్కింటి అత్తలు బియ్యం ఏరుతూ తామే చెప్పుకునేవారు. చాలాసార్లు వారు చెప్పిన కథే బాగుండేది. నాన్నకు మాత్రం వారపత్రికలు గిట్టవు. ఆయన అడుగుల చప్పుడు వినిపించగానే నేను పత్రికను చాటకింద పెట్టి బైబిలు తెరిచేవాణ్ణి. ఆయనకు ఆ సంగతి తెలుసునని ఇప్పుడు అనుకుంటాను.

మెదకు బస్సు జూబిలీ బస్ స్టేషనులో దింపింది. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో నేను తిరిగిన ఊరే అయినా, పై నుంచి మెట్రో రైలు వెళ్తుంటే కొత్త ఊరిలాగే ఉంది. క్లాక్ టవర్ మాత్రం ఉన్నచోటనే ఉంది. సదస్సు జరిగే చోటికి వెళ్ళేసరికి ముప్పై మందికి పైగా చేరారు. అయిదారుగురు కాపరులు, ఉపాధ్యాయులు, ఇద్దరు నర్సులు, పదవీ విరమణ చేసిన ఒక రైల్వే ఉద్యోగి. అందరి సంచుల్లోనూ నోటు పుస్తకాలే.

మొదటి రోజు మాట్లాడినవారు ఒక విశ్రాంత తెలుగు పండితురాలు. చిన్న వయసులో వారపత్రికలకు సీరియళ్ళు రాసినావిడ. అందరూ టీచరమ్మ అని పిలిచేవారు. తెలుగు నవల ఎలా పుట్టిందో చెప్పారు. నరహరి గోపాలకృష్ణమ శెట్టి గారి 'శ్రీరంగరాజు చరిత్ర' 1872లో వచ్చింది. అయితే కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1878లో తన 'వివేకవర్ధని' పత్రికలో వరుసగా వేసిన 'రాజశేఖర చరిత్రము' తోనే నవల జనంలోకి వచ్చింది. ఆ నవలకు ఆలివర్ గోల్డ్‌స్మిత్ అనే ఐరిష్ రచయిత 1766లో అచ్చయిన తన పుస్తకంలో దారి చూపాడు. ఆ పుస్తకం పేరు 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. వికార్ అంటే సంఘకాపరి!

నేను కుర్చీలో ముందుకు జరిగాను. మన తెలుగు నవల పుట్టడానికి వెనక ఒక కాపరి కథ ఉందన్న సంగతి నాకు అంతవరకు తెలియదు. ఆ కాపరి గొప్ప విజయాలు సాధించినవాడేమీ కాదు. డబ్బు దాచుకున్న వర్తకుడు దివాలా తీయడంతో ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. కొంచెం డాబు మనిషి, తేలికగా మోసపోతాడు, చివరికి అప్పు కట్టలేక జైలులో కూడా పడతాడు. పంతులుగారు ఆ కథను ధవళేశ్వరానికి తెచ్చి, కాపరి స్థానంలో పొగడ్తలకు లొంగిపోయే రాజశేఖరుణ్ణి పెట్టారు. బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి అతడు ఉన్నది ఊడ్చుకుంటాడు. ఆ నవల 1887లో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళి లండనులో అచ్చయింది. కాపరి కథ అటు నుంచి ఇటు వచ్చి, రాజశేఖరుడై మళ్ళీ అటు వెళ్ళిందన్నమాట.

గోల్డ్‌స్మిత్ తన పుస్తకాన్ని ఎలా అమ్మాడో కూడా ఆమె చెప్పారు. అద్దె కట్టలేదని ఇంటి యజమానురాలు అతణ్ణి అరెస్టు చేయిస్తే, స్నేహితుడు శామ్యూల్ జాన్సన్ వచ్చి రాతప్రతి చూసి, దాన్ని పట్టుకెళ్ళి అరవై పౌన్లకు అమ్ముకొచ్చాడట. కొన్నవాడేమో దాన్ని కొన్నేళ్ళు అచ్చు వేయకుండా అలాగే ఉంచాడు. "అయ్యగార్లు జాగ్రత్త! రాతప్రతి అద్దెకు సరిపోతుంది గాని ఇల్లు కట్టదు" అని టీచరమ్మ అంటే అందరం నవ్వాం.

ఆ తరువాత వేగంగా వెళ్ళారు. 1890లలో 'చింతామణి' పత్రిక పెట్టిన నవలల పోటీలు, అందులో బహుమతి అందుకున్న చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. ఇదే సికింద్రాబాదులో, సరోజినీదేవి రోడ్డు మీద నుంచి వెలువడిన 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వస్తున్న రోజుల సంగతులు. మా అమ్మ చాటలో బియ్యం నాకు గుర్తుకొచ్చింది.

ఒక్క పుస్తకం దగ్గర మాత్రం ఆమె చాలాసేపు ఆగారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళి, ఆ జైలులోనే రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అంతవరకు కథల్లో వాకిలి దాటి రానివ్వని మనుషులను తెచ్చి నవల నడుమ కూర్చోబెట్టిన పుస్తకం అది. జాన్ బన్యన్ కూడా జైలు అనుభవం ఉన్నవాడేనని నేను లేచి చెప్పాను. 1678లో వచ్చిన ఆయన 'యాత్రికుని ప్రయాణము' మన ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే పుస్తకం కదా. "మీకు జైలు లేదు గనుక కరెంటు పోయిన రాత్రులు వాడుకోండి" అన్నారామె. 2000 సంవత్సరంలో వచ్చిన జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' కూడా చదవమన్నారు. ఇంటికి వచ్చాక చదివాను. ఆ రచయిత రాజకీయ దృష్టి నాది కాదు, మిషనరీల గురించి ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు సమ్మతం కాదు. అయినా మన తాతలు ఎందుకు ఆ గుడి మెట్లు ఎక్కారో, ఎక్కకముందు ఎక్కడ నిలబడ్డారో ఆ పుస్తకం చెప్పినట్టు నా 212 పేజీలు చెప్పలేదని ఒప్పుకోవాలి. 'మాలపల్లి' పాత ప్రతి కోసం ఆబిడ్స్‌లో వెతకమని ఒకాయన సలహా ఇచ్చాడు. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేది ఆదివారాలు. కాపరికి ఆదివారం ఎక్కడిది!

రెండో రోజు మా రాతలు చదివి తప్పులు చెప్పే రోజు. ముందు రాత్రే టీచరమ్మ నా నోటు పుస్తకం తీసుకున్నారు. ఉదయం తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే ప్రతి అధ్యాయం చివరి పేరా మీద పెన్సిలుతో అడ్డగీత ఉంది. ఇరవై ఆరు అధ్యాయాలు, ఇరవై ఆరు గీతలు.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"మీరు ప్రతి అధ్యాయం చివర ఆశీర్వాదం ఇచ్చి పంపిస్తున్నారు అయ్యగారూ. చదివేవాడు గుడిలో కూర్చోలేదు. ఇంకో అధ్యాయం ఉందని వాడికి తెలియాలి."

తరువాత డబ్బు సంగతి అడిగారు. తాత కూలి డబ్బు లెక్కపెట్టుకునే చోట నేను పది రూపాయల నోటు రాశాను. "ఏ రూపాయి?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆ రోజుల్లో మెదకు నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ చెలామణీ అయ్యేది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. పైగా కరువు కూలి పిల్లవాడి చేతికి పది రూపాయల నోటు ఎక్కడి నుంచి వస్తుంది? "మీ తాతగారికి కూలి గింజల్లో ఇచ్చారా, నాణేల్లో ఇచ్చారా? ఆ మధ్యాహ్నం ఏం తిన్నారు? తట్ట దేనితో అల్లారు? అవి తెలిస్తే కరువు గురించి మీరు వేరే చెప్పనక్కరలేదు" అన్నారు. నా నవలలో కరువు గురించి రెండున్నర పేజీల వర్ణన ఉంది. అది చదివి మా సంఘ పెద్ద ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ రెండున్నర పేజీల్లో ఒక్క గింజ పేరు లేదు.

దొర పాత్రను కూడా వదల్లేదు. "ఈయనకు మీసాలు తప్ప ఇంకేమీ లేదే? భార్యకు భయపడడా? పిల్లవాడికి జ్వరమొస్తే ఏడవడా?" ఇక మా నాన్న పాత్ర దగ్గరికి వచ్చి ఆమె చాలాసేపు పేజీలు తిప్పారు. "ఈ సువార్తికుడు ఎక్కడా తప్పు చేయలేదు" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని సంతోషించాను. "అందుకే ఈయన నాకు కనబడటం లేదు" అన్నారు.

మధ్యాహ్నం మా అందరికీ ఒక అభ్యాసం ఇచ్చారు. ఒకప్పుడు మీ ఇంట్లో ఉండి ఇప్పుడు లేని వస్తువు ఒకటి తీసుకోండి. దాని మీద ఒక పేజీ. నీతి రాయకూడదు, వాక్యం రాయకూడదు, 'దీనివలన మనం తెలుసుకొనేదేమనగా' అనకూడదు. అరగంట సమయం.

నాకు వెంటనే తోచింది పిడికెడు బియ్యం డబ్బా. మా పల్లెల్లో తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం ప్రభువు పేరట పక్కకు తీసి ఆదివారం గుడికి తెస్తారని మీకు చెప్పనక్కరలేదు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు మా ఇంట్లో, గూట్లో, ఒక పాత రేకు డబ్బాలో ఉండేది. మూత మీద గీతలు, అడుగున తుప్పు, తీసినప్పుడు వచ్చే చప్పుడు. అంతవరకు సుఖంగానే రాశాను. ఆ చప్పుడు దగ్గర నా కలం ఆగిపోయింది.

ఎందుకంటే ఆ చప్పుడు విన్నవాణ్ణి నేను. 1989లో. నాకు పదకొండేళ్ళు. మా అన్నకు పదిహేడు, ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. ఒక రాత్రి అన్న గూట్లో డబ్బా మూత తీయడం నిద్రలో విని కళ్ళు తెరిచాను. తెల్లవారాక నాన్నకు చెప్పాను. నన్నెవరూ అడగలేదు, నేనే చెప్పాను. నాన్న ఆ ఆదివారం అన్నను సంఘం ముందు నిలబెట్టి, పిడికెడు పిడికెడు దాచిన తల్లుల ఎదుట ఒప్పుకోమన్నారు. అన్న ఒప్పుకున్నాడు. ఆ రాత్రే రేకు పెట్టె ఒకటి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు తీశావని ఆ రోజు గుడిలో ఒక్కరూ అడగలేదు. అన్న తేలింది భివండిలో, మరమగ్గాల దగ్గర. 2006లో నాన్న భూస్థాపనకు వచ్చి అదే సాయంత్రం బస్సెక్కాడు. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు, అమ్మతో మాట్లాడతాడు, నాతో రెండు మాటలు.

నా 212 పేజీల్లో సువార్తికునికి ఒక్కడే కొడుకు.

అరగంట అయిపోయింది. నేను రాసింది పేజీలో సగం. దాన్ని టీచరమ్మ చేతికిచ్చి, మిగిలిన సగం నోటితో చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఇతరుల ఒప్పుకోళ్ళు వింటున్న నాకు నా మాట చెప్పడం అంత కష్టమని తెలియదు. ఆమె వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "తప్పిపోయిన కుమారుని కథలో ఆ పెద్ద కొడుకు చివరికి లోపలికి వెళ్ళాడా అయ్యగారూ?" అని అడిగారు.

వెళ్ళాడని చెప్పబోయి ఆగాను. లూకా సువార్తలో ఆ సంగతి లేదు. తండ్రి బయటికి వచ్చి బ్రతిమాలుతూ ఉండగానే ప్రభువు కథ ఆపేశాడు. నేనేమో ఆ భాగం మీద ప్రసంగించిన ప్రతిసారీ ఆ పెద్ద కొడుకును చెయ్యి పట్టి విందులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

"తండ్రిని బజారుకెక్కించడం తప్పు కాదా అమ్మా?" అన్నాను.

"బతికున్నవారిని అడగండి. వాళ్ళు వద్దంటే రాయకండి. చనిపోయినవారి గురించి నిజం రాయండి, కాని వారి తరఫున మాట్లాడేవారు ఒకరు కథలో ఉండేట్టు చూడండి. సంఘం డబ్బు సొంత కొడుకే తీస్తే ఆ సువార్తికుడు ఏం చేయగలిగేవాడు? అది కూడా రాయండి."

మూడో రోజు వ్యాపారం. మాట్లాడినాయన పుస్తకాల ప్రచురణలో ముప్పై ఏళ్ళు గడిపినవాడు. నల్లబల్ల మీద లెక్క వేశారు. పుస్తకం వెల 200 అనుకుందాం. దుకాణానికి నూటికి 35 ఇస్తే మన చేతికి 130. అచ్చుకు ప్రతికి 70 పడిందనుకుందాం. వెయ్యి వేస్తే 70,000. అందులో మూడు వందలు అమ్మితే వచ్చేది 39,000. నష్టం 31,000. "మిగిలిన ఏడు వందల ప్రతులు ఎక్కడుంటాయో తెలుసా?" అని ఆయన అడగ్గానే "మంచం కింద" అని నా నోటి నుంచి వచ్చింది. హాలంతా నవ్వింది. నాతోపాటు మరో నలుగురు కొంచెం ఆలస్యంగా నవ్వారు. వారి ఇళ్ళలోనూ కట్టలున్నాయని అర్థమైంది.

పూర్వం వెయ్యికి తక్కువైతే గిట్టుబాటు కాక వెయ్యి వేసేవారట. ఇప్పుడు డిజిటల్ అచ్చులో యాభై, వంద కూడా వేయించవచ్చు. ప్రతికి ఖర్చు ఎక్కువే గాని అప్పు పడదు. పుస్తకానికి ఉండవలసిన ఐఎస్‌బిఎన్ సంఖ్యను మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి అన్నారు. హక్కుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. రిజిస్టరు చేయించకపోయినా రాసినవాడిదే. ప్రచురణకర్తకు ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి సంతకం చేయాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది. "అన్ని హక్కులూ శాశ్వతంగా అని రాసుంటే మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చదవండి" అన్నారు.

అప్పుడే చార్లెస్ షెల్డన్ అనే కాపరి కథ చెప్పారు. అమెరికాలో టొపీకా అనే ఊరు. 1896లో ఈయన ఆదివారం సాయంత్రాలు ప్రసంగానికి బదులు తాను రాస్తున్న కథను అధ్యాయం తరువాత అధ్యాయం సంఘానికి చదివి వినిపించాడు. యేసు నా స్థానంలో ఉంటే ఏం చేస్తాడని ప్రతి పనికీ ముందు ప్రశ్నించుకునే సంఘం కథ. 'ఆయన అడుగుజాడలలో' అని అర్థమొచ్చే 'ఇన్ హిజ్ స్టెప్స్' ఆ పుస్తకం పేరు. చికాగోలోని ఒక పత్రికలో కూడా అది వరుసగా వచ్చింది. కాని కాపీరైట్ నమోదులో లోపం జరగడంతో హక్కు చెల్లకుండా పోయింది. ఎందరో ప్రచురణకర్తలు ఎవరికి వారే అచ్చు వేసుకున్నారు. లక్షలాది ప్రతులు ప్రపంచమంతా వెళ్ళాయి. షెల్డన్ చేతికి వచ్చిన డబ్బు చాలా స్వల్పం. ఇది విని కాపరులందరం నిట్టూర్చాం. లక్షల ప్రతులు వెళ్ళినందుకా, డబ్బు రానందుకా అంటే, నిజం చెప్పాలి, రెండోదానికే.

ఇంటికి వచ్చాక చిట్టీ ఎత్తనని మా ఇంటావిడతో చెప్పాను. ఆమె ఆ రోజు కోడికూర వండింది.

మొదటి అధ్యాయం మళ్ళీ మొదలుపెట్టాను. తాతను కాసేపు పక్కన పెట్టి, డబ్బా చప్పుడు దగ్గర ప్రారంభించాను. రాసి పన్నెండు రోజులు బీరువాలో పెట్టాను. పదమూడో రోజు రాత్రి అమ్మ దగ్గర కూర్చుని చదివాను. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు ఆనదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. అన్న గుడిలో నిలబడిన చోటికి వచ్చేసరికి నా గొంతు సన్నబడింది.

"ఆగినవేంది? సదువు" అంది అమ్మ.

చదివాను. రాత్రి అన్న పెట్టె పట్టుకుని వాకిలి దాటాడు, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, అని రాసి ముగించాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అందరు పండుకోలె బిడ్డా" అంది. "మీ నాయిన లేసే ఉన్నడు. వాకిట్లకు పోయిండు. బాట దాక పోయి, మల్లచ్చి గడప మీద కూసున్నడు. తెల్లారెదాక కూసున్నడు. నాకు సెప్పకుమన్నడు."

ముప్పై అయిదేళ్ళకు పైగా మా అమ్మ దాచిన మాట అది. టీచరమ్మ అడిగిన ఆ తరఫు మాట్లాడేవారు మా ఇంట్లోనే ఉన్నారు.

"అన్నకు చెప్పనా అమ్మా?" అన్నాను.

"గది గూడ రాసి, వానికి సదివి ఇనిపియ్యి. నేను సెప్తే ఏడుపొస్తది."

గడప సంగతి చేర్చి మరో వారం తరువాత భివండికి ఫోన్ చేశాను. అన్న మగ్గాల దగ్గర నుంచి బయటికి వచ్చి నిలబడ్డాడు, వెనక చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక కథ రాశాను, అందులో నువ్వున్నావు, వద్దంటే చింపేస్తాను అని చెప్పాను. చదవమన్నాడు. డబ్బా మూత చప్పుడు, నాన్నతో నేను చెప్పడం, గుడి, గడప, అన్నీ చదివాను. పదకొండు పేజీలు. మధ్యలో ఫోన్ కట్టయిందేమోనని రెండుసార్లు 'అన్నా' అని పిలిచాను. "ఉన్న, సదువు" అన్నాడు, అమ్మ అన్నట్టే.

అయిపోయాక కాసేపు మగ్గాల చప్పుడే.

"పైసలు నలభై ఏడు అని రాసినవు గదా తమ్మీ" అన్నాడు. "నలభై ఏడు గాదు. అరవై రెండు. పరీక్ష ఫీజుకు ఇంకా పదమూడు తక్కువ పడ్డయి."

నేను నోటు పుస్తకం తెరిచి నలభై ఏడు కొట్టేసి, అరవై రెండు అని రాశాను.